సంత గంట మోగని చలికాలం

ఆ చలికాలం వెన్‌బ్రిడ్జ్ సంత గంట మోగలేదు.

సోమవారం పొద్దున పది కాగానే టౌన్‌హాలు మెట్ల మీద నిలబడి ఆ గంట కొట్టేవారు. అది మోగాకే తొలి పశువు బేరానికి రావాలి. నాలుగు వందల ఏళ్ళ పద్ధతి అని మా బళ్ళో పంతులమ్మ చెప్పేది. జర్మన్లు బాంబులు వేసిన రోజుల్లోనూ మోగింది. పందొమ్మిది వందల అరవై ఏడు అక్టోబరు ఆఖరున గాలికుంటు వచ్చింది. గంటకు గోనెగుడ్డ చుట్టి బీరువాలో పెట్టేశారు.

గాలికుంటుతో పశువు చస్తుందని కాదు మా భయం. ఒక్క ఆవు నోట్లో పొక్కు కనిపిస్తే చాలు, ఆ కొట్టంలో ఉన్నవన్నీ సర్కారు వాళ్ళు వచ్చి తుపాకీతో కాల్చేస్తారు. పొక్కు లేనివాటిని కూడా. ఆ కొట్టం మనిషి ఇంకో కొట్టం వైపు వెళ్ళాడని తేలితే, దాని గతీ అంతే.

మాకు ముప్పై ఒక్క పాడి ఆవులు. పిల్లలు లేరు. ఆవులన్నిటికీ నా భార్య నెస్టా పేర్లు పెట్టింది. డామ్సన్ అనే ముసలిది ఆవిడ గొంతు వినబడితే తప్ప పాలు చేపేది కాదు.

రోజూ సాయంత్రం ఆరింటికి రేడియో పెట్టేవాళ్ళం. ఆ రోజు రోగం తేలిన ఊళ్ళ పేర్లు చదివేవారు. మొదట్లో మాకు ముప్పై మైళ్ళ దూరం, తరవాత పన్నెండు, క్రిస్మస్ నాటికి నాలుగు. నెస్టా అన్నం బల్ల దగ్గర చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. మా ఊరి పేరు లేదని తేలాక గరిట తీసేది. గేటు దగ్గర గడ్డి పరిచి మందునీళ్ళు పోసేవాణ్ణి. పాల క్యాన్లు సందు మొదట్లో దింపి వెనక్కి వచ్చేసేవాణ్ణి, పాలబండి డ్రైవరు మొహం చూసి రెండు నెలలైంది. చర్చి మానేశాం. ఉత్తరాలు తెచ్చే మనిషి గోడ మీద రాయి కింద పెట్టి పోయేవాడు. కాకి వచ్చి పెరట్లో వాలితే రాయి విసిరేవాణ్ణి, అది ఎక్కడ తిని వచ్చిందో ఎవరికి తెలుసు? పొద్దున లేవగానే గాలి ఎటు నుంచి వీస్తోందో చూసేవాణ్ణి. ఉత్తరం నుంచి వస్తే, చంపిన పశువుల్ని తగలబెట్టే చోటి నుంచి కాలిన వెంట్రుకల వాసన వచ్చేది.

మా పొలానికీ బెడోస్ పొలానికీ మధ్య ఒక వాగు. విల్ఫ్ బెడోస్, నేను ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. ఆ రెండు నెలలూ వాగుకి చెరో ఒడ్డునా నిలబడి అరుచుకునేవాళ్ళం. అంతవరకు పరవాలేదని సర్కారు కాగితంలో రాసి ఉంది.

"ఒరేయ్ ఎర్ర నక్కా!" అనేవాడు. నాది రాగి జుట్టు. "కొత్త ఏడు నాడు నేను రాకపోతే నీ పెళ్ళాం నిన్ను ఇంట్లోకి రానిస్తుందా?"

"జుట్టుకి బూటు పాలిష్ పూసుకుంటాలే."

"పూసుకో. వానొస్తే మెడ మీదికి కారి దొరికిపోతావు."

మా వైపు అది ఆచారం. జనవరి ఒకటిన ఇంటి గడప మొదట తొక్కేది నల్లజుట్టు మగవాడు అయ్యుండాలి. చేతిలో ఒక బొగ్గు గడ్డ ఉండాలి. దాన్ని పొయ్యి గట్టు మీద పెట్టి, ఒక కేకు ముక్క తిని, గ్లాసెడు సైడర్, అంటే ఆపిల్ కల్లు, తాగి వెళ్ళాలి. ఆడది మొదట తొక్కితే అరిష్టం. ఎర్రజుట్టువాడు తొక్కితే అంతకన్నా అరిష్టం. బెడోస్ జుట్టు కాకి రెక్క. ఏటా వాడే వచ్చేవాడు. నేను తెల్లవారుజామున పాలు పితకడానికి వెనక తలుపు నుంచి బయటికి పోయి, వాడు వచ్చేదాకా చలిలో పెరట్లో నిలబడేవాణ్ణి. నెస్టా గడపలో అడ్డంగా చెయ్యి చాచి ఉండేది.

పెళ్ళయిన మొదటి ఏడు నేను నవ్వుతూ ఆ చెయ్యి కింద నుంచి దూరి లోపలికి వెళ్ళాను. ఆ మార్చిలో ఆవిడకు ఏడో నెల కడుపు పోయింది. తరవాత నిలవలేదు. నా వల్లనే అని ఆవిడ ఎప్పుడూ అనలేదు. చెయ్యి మాత్రం ఏటా చాచేది.

డిసెంబరు ముప్పై, శనివారం మధ్యాహ్నం. వాగు దగ్గర కంచె కడుతున్నాను. బెడోస్ అవతలి ఒడ్డున పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆ మొహంలో నవ్వు లేదు.

"ఏమస్, దూడ అడ్డం తిరిగింది. పొద్దుటి నుంచి నొప్పులు. నా చెయ్యి లావు, లోపలికి పోవడం లేదు."

"పశువుల డాక్టర్ని పిలువు."

"పిలిచాను. రోగం ఉన్న ఊళ్ళో ఉన్నాట్ట. రేపటిదాకా కదలకూడదుట. రేపటికి రెండూ చస్తాయిరా."

నా చేతులు సన్నం. చుట్టుపక్కల ఎవరికి ఈత కష్టమైనా నన్నే పిలిచేవారు. అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. మా ఇంటి పొగగొట్టం నుంచి పొగ వస్తోంది, నెస్టా వంటింట్లో ఉంది. వాగు మీద వేసిన చెక్క మీదుగా దాటాను.

గంట పట్టింది. చొక్కా చెయ్యి భుజందాకా మడిచి పని చేశాను. మడిచినా ఈత నీళ్ళకి చంకదాకా తడిసింది. దూడ బతికింది, తల్లీ బతికింది. తల్లి నోటి నుంచి సొంగ కారుతోంది. నొప్పులకు కారుతుందిలే అనుకున్నాను. బెడోస్ దాని మెడ మీద తల ఆనించి ఏడ్చాడు.

"నువ్వు చేసింది నేను మరవనురా" అన్నాడు.

"మరిచిపో. ఎవడికీ చెప్పకు. చెప్పావంటే నా ముప్పై ఒకటీ నువ్వే చంపినట్టు."

వాగులో చేతులు కడిగాను. గడ్డి పెట్టి తోమాను. బూట్లు సోడా నీళ్ళల్లో ముంచాను, రెండుసార్లు. కోటు వేసుకుని చొక్కా కనబడకుండా ఇంటికి వెళ్ళాను. చొక్కా విప్పి మెట్ల కింద ఉన్న మాసిన బట్టల బుట్టలో అడుక్కి తోశాను. మా ఇళ్ళల్లో సోమవారమే బట్టలు ఉతుకుతారు. ఆలోగా నేనే తీసి ఉతికేద్దాం అనుకున్నాను.

"ఇంతసేపా?" అంది నెస్టా.

"కంచె బాగా పడిపోయింది."

ఆ సొంగ సంగతి నాకు పాలు పితికేటప్పుడు గుర్తొచ్చింది. గాలికుంటుకీ మొదట కారేది సొంగే. డామ్సన్ పొదుగు మీద నా చెయ్యి ఉంది. చెయ్యి ఉన్నపళంగా ఆగిపోయింది. డామ్సన్ తల తిప్పి నా వైపు చూసింది.

మర్నాడు ఆదివారం. కేకు తీసి డబ్బాలో పెడుతోంది నెస్టా.

"ఎవరికి ఆ కేకు?" అన్నాను.

"నీకు తెలీదా?"

"ఈ ఏడు ఎవడూ రాడు. ఈ గేటు లోపలికి పురుగు కూడా రాదు. విన్నావా?"

"గడపదాకా వచ్చి పోతే ఏమయ్యా? బూట్లు మందునీళ్ళలో ముంచి వస్తాడు. కొట్టం వైపు చూడనైనా చూడడు."

"రాడంటే రాడు. ఒక బొగ్గు గడ్డ కోసం ముప్పై ఒక్క ఆవుల్ని చంపుతావా నువ్వు?"

ఆవిడ డబ్బా మూత నొక్కింది. "నువ్వు ఎర్రజుట్టువాడివని నిన్ను పెళ్ళి చేసుకోవద్దంది మా అమ్మ" అంది. నవ్వలేదు.

అలా అరిచింది నేను. ముందు రోజు వాగు దాటింది నేను. భయపడ్డవాడి గొంతే పెద్దదిగా లేస్తుంది. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

సోమవారం కొత్త సంవత్సరం. ఐదున్నరకి నేను కొట్టంలోకి వెళ్ళాను. నెస్టా వెనకాలే వస్తానంది. అరగంట దాటాక వచ్చింది. ఏం మాట్లాడకుండా బకెట్ తీసుకుని డామ్సన్ పక్కన కూర్చుంది. పని అయ్యాక ఇద్దరం ఇంటి వైపు నడిచాం. ఆవిడ ముందు లోపలికి వెళ్ళింది. నేను గడప దగ్గర ఆగాను. అడ్డంగా చెయ్యి లేదు.

"రా" అంది.

పొయ్యి గట్టు మీద బొగ్గు గడ్డ ఉంది. బల్ల మీద కోసిన కేకు. ఒక గ్లాసు బోర్లించి ఉంది, అడుగున ఇంకా తడి.

"పిలిచావా?"

"పిలవలేదు. వాడే వచ్చాడు. ఎందుకొచ్చావని అడగలేదు, పొమ్మని అనలేదు."

ఎందుకొచ్చాడో నాకు తెలుసు. దూడ రుణం తీర్చుకోవడానికి వచ్చాడు. వాడి దగ్గర మాకివ్వడానికి వాడి జుట్టు తప్ప ఏముంది?

"చెయ్యి కలిపావా వాడితో?"

"కలిపాను."

"ఆ చేత్తోనే పాలు పితికావా?"

ఆవిడ తన చేతుల వైపు చూసుకుంది.

"చంపేశావు" అన్నాను. "నీ చేతులారా చంపేశావు వాటిని."

ఆ రోజు ఇంట్లో బట్టలు ఉతకలేదు. కొత్త ఏడు నాడు ఉతికితే ఇంట్లో ఒకరిని ఉతికి పారేసినట్టని మా వాళ్ళు అంటారు. నాకు ఆ సంగతి గుర్తులేదు. చొక్కా తీసే వీలు చిక్కలేదు కూడా, ఆవిడ పగలంతా వంటింట్లోనే ఉంది, బుట్ట దానికి ఎదురుగా మెట్ల కిందనే ఉంది. మంగళవారం నేను పాల క్యాన్లు దింపి వచ్చేసరికి బట్టలు తీగ మీద ఉన్నాయి. నా చొక్కా రెండు చేతులూ కిందికి వేలాడేసుకుని ఆరుతోంది. తెల్లగా ఉంది. నెస్టా నోట్లో బట్టల క్లిప్పు పెట్టుకుని దుప్పటి పిండుతోంది. నా వైపు ఒకసారి చూసి దుప్పటి తీగ మీద వేసింది. గండం గడిచిందనుకున్నాను.

బుధవారం ఒక్కొక్క ఆవు నోరూ తెరిచి నాలుక కింద చూశాను. కాళ్ళెత్తి గిట్టల మధ్య చూశాను. జిప్సీ అనే పడుచు ఆవు కుంటినట్టనిపించింది. ఆ కాలెత్తి చూశాను. గిట్టలో రాయి ఇరుక్కుంది. ఆ రాయి తీసి జేబులో వేసుకుని గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను.

గురువారం పదకొండింటికి వాగు అవతల నుంచి మొదటి పిస్తోలు చప్పుడు వినబడింది.

మా ఆవులన్నీ తలలెత్తాయి. నెస్టా కొట్టం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు. మధ్యలో ఆగుతుంది, అయిపోయిందనుకుంటాం, మళ్ళీ మొదలు. మూడింటిదాకా వినబడింది. చివర్న ఒక చిన్న చప్పుడు. అది దూడ అనుకున్నాను. చప్పుళ్ళన్నీ ఒకటే అయ్యుండొచ్చు. నాకు అలా వినబడింది.

శుక్రవారం పొద్దున సర్కారు డాక్టరు వచ్చాడు. లేథమ్ అని కుర్రవాడు. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. గేటు దగ్గర రబ్బరు కోటు తొడుక్కుని, మందునీళ్ళలో నిలబడి, చేతిలో అట్ట పట్టుకున్నాడు. లోపలికి రాలేదు. మేమిద్దరం గేటుకి ఇవతల నిలబడ్డాం.

"ప్రీస్ గారూ, బెడోస్ కొట్టంలో తేలింది. మీకు తెలిసే ఉంటుంది."

"విన్నాం" అన్నాను.

"ఈ పదిహేను రోజుల్లో బెడోస్ మీ ఇంటికి రావడం గానీ, మీరు బెడోస్ కొట్టానికి వెళ్ళడం గానీ జరిగిందా? ఆయన్ని అడిగాను, ఎవరి గడపా తొక్కలేదు, నా గడప ఎవరూ తొక్కలేదన్నారు. మిమ్మల్నీ అడగాలి. అది నా పని."

బెడోస్ మాకోసం అబద్ధం ఆడాడు. నేను ఒక్క మాట అంటే చాలు. మా ఆవులు నా వెనక మేత నములుతున్నాయి, ఆ నమిలే చప్పుడు నాకు స్పష్టంగా వినబడుతోంది.

"లేదు" అన్నాను.

లేథమ్ అట్ట మీద రాయబోయాడు.

"వచ్చాడు బాబూ" అంది నెస్టా. "సోమవారం పొద్దున బెడోస్ మా ఇంట్లోకి వచ్చాడు. కొత్త ఏడు అడుగు పెట్టడానికి. నేనే రానిచ్చాను. చెయ్యి కలిపాను. అటు నుంచి అటే వెళ్ళి పాలు పితికాను."

"నెస్టా!" అన్నాను.

"మా ఆయనకి తెలీదు. ఆయన వద్దన్నాడు."

లేథమ్ కలం ఆపాడు. అతనికి ఆ మాట వినడం ఇష్టం లేదని మొహం చూస్తే తెలుస్తోంది. "ఇంకేమైనా ఉందా అమ్మా?" అని అడిగాడు. "మీ ఆయన అటు వెళ్ళడం లాంటిది?"

"లేదు. ఆయన కంచె కట్టుకుంటున్నాడు" అంది. "పాలబండి మా క్యాన్లు ఎత్తుకుని ఇక్కడి నుంచి పద్నాలుగు ఇళ్ళకి పోతుంది బాబూ. ఆ ఇళ్ళల్లోనూ ఆవులున్నాయి."

నేను నోరు విప్పలేదు. విప్పితే నాకు కోర్టు, జరిమానా, ఊళ్ళో మొహం ఎత్తుకోలేని బతుకు. ఆవులు ఎలాగూ పోయినట్టే. ఇక చెప్పి ఏం లాభం, అనుకున్నాను. అప్పటికప్పుడు అలా సరిపెట్టుకున్నాను.

శనివారం ఉదయం వాటిని కాల్చారు. నెస్టా ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచి బయటికి నడిపించింది. ఆవిడ పిలిస్తే వచ్చాయి. డామ్సన్ ఆఖర్న వచ్చింది. లేథమ్ అన్నిటి నోళ్ళూ తెరిచి చూశాడు, అది వాళ్ళ పద్ధతి. సాయంత్రం గుంట పూడ్చాక మా గుమ్మం ముందు నిలబడి టోపీ తీశాడు.

"ఒక్కదానికీ పొక్కు లేదు ప్రీస్ గారూ. మీకు చెప్పకుండా ఉండలేకపోయాను."

చెప్పకుండా ఉంటే బాగుండేది. ఆ మాట నాకు ముప్పై ఏళ్ళకి సరిపడా ఆయుధమైంది.

గంట మళ్ళీ ఎండాకాలానికి మోగింది. బెడోస్ కొత్త ఆవులు కొన్నాడు. నేను కొనలేదు. సంతలో పశువుల్ని తోలే పనికి కుదిరాను. ఇంటికొచ్చి తిండి బాగాలేకపోతే ఆ మాట అనేవాణ్ణి. వాన పడి పొయ్యి రాజుకోకపోతే అనేవాణ్ణి. "ఒక్కదానికీ పొక్కు లేదు. ఒక బొగ్గు గడ్డ కోసం" అనేవాణ్ణి. పక్కింటివాళ్ళు కూర్చుని ఉన్నా అనేవాణ్ణి. ఆవిడ ఏ రోజూ ఎదురు చెప్పలేదు. బెడోస్ మా గడప మళ్ళీ తొక్కలేదు, నేను వాణ్ణి రావద్దన్నాను. వాడు నా మొహంలోకి ఒకసారి చూసి తల ఊపాడు. ఆ తరవాత కొత్త ఏడు నాడు నెస్టా గడపలో చెయ్యి చాచడం మానేసింది.

సంత మూసేసి చాలాకాలమైంది. పశువులు నిలిచే చోట ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. గంట మ్యూజియంలో అద్దం వెనక ఉంది. ఊరి పాత జ్ఞాపకాలు పోగుచేస్తున్నామని అక్కడి నుంచి ఒకావిడ రికార్డింగు మిషను పట్టుకుని వచ్చింది. నెస్టా అప్పటికి మంచం పట్టి ఉంది.

"కొత్త సంవత్సరం నాడు బొగ్గు తీసుకెళ్ళేవారటగా, ఎంత ముచ్చటైన ఆచారమో! మీ ఇంట్లో ఎలా చేసేవారు?" అని అడిగింది ఆ వచ్చినావిడ.

"మా ఆవిడని అడగండి" అన్నాను. "ఒక బొగ్గు గడ్డకి ముప్పై ఒక్క ఆవులు ఇచ్చింది."

వచ్చినావిడ మిషను ఆపి, టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

నెస్టా గదిలో నుంచి పిలిచింది. వెళ్ళాను. దుప్పటి గడ్డందాకా లాక్కుని పడుకుని ఉంది.

"ఆ చొక్కా నేనే ఉతికానుగా, ఏమస్" అంది.

"ఏ చొక్కా?"

"కంచె కట్టినవాడి చంకలో ఈనిన ఆవు మావి వాసన ఉండదు."

నేను మంచం కోడు పట్టుకున్నాను. ఇంకేమైనా అంటుందని చూశాను. గోడ వైపు తిరిగింది. తొమ్మిది రోజులకు పోయింది.

మంగళవారం నాడే తెలుసు ఆవిడకి. తీగ మీద ఆరేసేటప్పుడు తెలుసు. గేటు దగ్గర నిలబడి నా తప్పు మీద తన తప్పు కప్పేటప్పుడు తెలుసు. ముప్పై ఏళ్ళు నన్ను అరవనిచ్చింది. ఒక్కసారి అడ్డం వచ్చి ఉంటే నేను ఆగేవాణ్ణి. రాలేదు. అందుకు ఆవిడని నేను క్షమించలేదు. నన్ను నేను క్షమించుకోవడం అనే మాట ఇక్కడ అనవసరం.

ఆవిడ పోయాక వచ్చిన మొదటి జనవరి ఒకటిన ఐదున్నరకి మెలకువ వచ్చింది. వెనక తలుపు నుంచి బయటికి వెళ్ళాను. ఖాళీ కొట్టం గుమ్మంలో నిలబడ్డాను. బెడోస్ పోయి అప్పటికి ఆరేళ్ళు. మంచు పడి బూట్లు బిగుసుకున్నాయి. తెల్లారిపోయింది.

నా జుట్టులో రాగి రంగు ఎప్పుడో పోయింది. తెల్లజుట్టువాడు తొక్కితే ఏమవుతుందో ఆచారం చెప్పదు. గడప దగ్గరికి వచ్చి ఆగాను.

అడ్డంగా చెయ్యి లేదు. లోపలికి వెళ్ళాను.